గుర్తించాం సరే... ఆ తర్వాత?

ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నారా? అయితే మీ క్లాసులో ఏదో ఒక బ్యాచ్ ‘మెషిన్ లెర్నింగ్‌తో ఆటిజం గుర్తింపు’ అనే ప్రాజెక్టు చేస్తూ ఉండొచ్చు. మా క్లాసులోనూ చేశారు. ఆ బ్యాచ్‌లో నేనూ ఉన్నా. అక్యురసీ నూటికి నూరు వచ్చింది. ఎగ్జామినర్ వెరీగుడ్ అన్నారు. సంతకాలు పెట్టించుకుని, రిపోర్టు డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చేసి వచ్చేశాం.

ఉద్యోగంలో చేరాక ఓ ఆదివారం ఆ కోడ్ మళ్లీ తెరిచి చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మేం వాడింది యూసీఐ రిపాజిటరీలో ఉచితంగా దొరికే డేటా. 704 మంది పెద్దవాళ్లు ఓ స్క్రీనింగ్ యాప్‌లో పది ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు అందులో ఉంటాయి. జవాబులకు పడ్డ పాయింట్లు కూడితే ఆరు దాటినవాళ్లకు చివరి కాలమ్‌లో ‘అవును’, మిగతావాళ్లకు ‘కాదు’ అని ఉంటుంది. అంటే మా మోడల్ నేర్చుకుంది ఆటిజం గురించి కాదు, కూడిక! వేళ్ల మీద లెక్కపెట్టగలిగే పనికి మేం న్యూరల్ నెట్‌వర్క్ పెట్టాం. మీరూ ఇదే డేటాతో చేస్తుంటే ఆ కాలమ్ ఎలా వచ్చిందో ఒకసారి చూసుకోండి.

అయినా నా బాధ కోడ్ గురించి కాదు. సూర్యాపేటలో ఉండే మా బాబాయ్ వాళ్లబ్బాయికి ఆటిజం ఉంది. వాడికి నాలుగేళ్లప్పుడు హైదరాబాద్‌లో ఓ డాక్టరు రెండుసార్లు పిలిపించి, వాణ్ని ఆడించి, చిన్నమ్మను గుచ్చిగుచ్చి అడిగి తేల్చి చెప్పారు. ఇప్పుడు వాడికి 19. గుర్తించడానికి పట్టింది రెండు పూటలు. ఆ తర్వాతి పదిహేనేళ్లలో ఏం చేయాలో చెప్పే ప్రాజెక్టు మాత్రం మా కాలేజీలోనే కాదు, ఎక్కడా కనిపించలేదు.

తొందరగా గుర్తించడం ముఖ్యం కాదని నేననట్లేదు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని పాపను, కావాల్సినదాన్ని వేలితో చూపించని బాబును ‘మగపిల్లలకు మాటలు లేటులే’ అంటూ మూడేళ్లు ఆపేసే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం రోజు మనం చేసే ర్యాలీలన్నీ ‘గుర్తించండి’ దగ్గరే ఆగిపోతున్నాయి. గుర్తించిన తల్లి మర్నాడు పొద్దున ఎక్కడికి వెళ్లాలి?

ఎన్ని కిలోమీటర్ల దూరంలో సాయం?

చిన్నమ్మ హైదరాబాద్‌కే వెళ్లింది. బాబాయ్‌ది కిరాణా కొట్టు, మూసేస్తే ఇల్లు గడవదు. అందుకని ఆయన సూర్యాపేటలో, చిన్నమ్మా పిల్లాడూ ఎల్బీనగర్ దగ్గర ఒక గదిలో. అలా ఆరేళ్లు. చివర్లో సెషన్‌కు 700 రూపాయలు. వారానికి స్పీచ్ థెరపీ మూడు, ఆక్యుపేషనల్ థెరపీ మూడు. నెలకు దాదాపు 17 వేలు. గది అద్దె, పాలు, ఆటోలు వేరే. ఈరోజు లెక్కలో తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000. అన్ని అర్హతలూ కుదిరి వచ్చినా వారం, పది రోజుల థెరపీకి సరిపోతుంది.

మీ వీధిలోనూ ఇలాంటి కుటుంబం ఉండే ఉంటుంది. నగరంలో థెరపీ సెంటర్ చుట్టుపక్కల గదుల్లో నల్గొండ, ఖమ్మం, కర్నూలు నుంచి వచ్చిన తల్లులు కనిపిస్తారు. భర్త ఊళ్లో, పెద్ద పిల్ల అమ్మమ్మ దగ్గర, చిన్నోడు తల్లితో. దీన్ని వలస అని ఎవరూ లెక్క రాయరు.

నిజానికి ఊరికి దగ్గర్లో సాయం ఉండాలని కాగితాల మీద చాలాకాలంగా ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. మొబైల్ బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లల్ని చూడాలి. చూడాల్సిన సమస్యల జాబితాలో ఆటిజం ఉంది. అనుమానం వస్తే జిల్లాలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. బడి వైపు నుంచి చూస్తే రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసే ఐఈఆర్పీలు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతారు, రాలేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు. వాళ్లలో చాలామందిది ఏళ్ల తరబడి కాంట్రాక్టు కొలువే. ఇక సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ సరేసరి. దేశం నలుమూలల నుంచీ అక్కడికి వస్తారు.

మరి చిన్నమ్మ భవిత కేంద్రానికి ఎందుకు వెళ్లలేదు? వెళ్లింది. మా వైపు కేంద్రంలో అప్పుడున్న టీచరమ్మ మంచి మనిషి. ఆమె దగ్గర వినికిడి లోపం ఉన్న పిల్లలు, సెరిబ్రల్ పాల్సీ పిల్లలు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు, మావాడు... అంతా ఒకే గదిలో. అందరికీ ఆమె ఒక్కరే. నాలుగు రోజులు చూసి ఆమే చెప్పిందట: ‘అక్కా, వీనికి ఒక్కనికే రోజూ గంట కూసోవాలె. నేను కూసోలేను, నువ్వు హైదరాబాద్ పో’ అని. ఆమె నిజాయతీకి దండం పెట్టాలి. ఆ నిజాయతీ మా ఇంటిని ఆరేళ్లు రెండు ముక్కలు చేసింది.

ఇంకో మాట. దూరం ఎంత ఉంటే మోసానికి అంత చోటు దొరుకుతుంది. చుట్టుపక్కల అడగడానికి తెలిసినవాళ్లు లేనప్పుడు, లక్షలు తీసుకుని ‘స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తాం’ అనేవాళ్ల మాట నమ్మబుద్ధేస్తుంది. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లోనే చెప్పింది. ఆటిజం అనేది పుట్టుకతో మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. జ్వరంలా వచ్చి పోయేది కాదు. మాట, అలవాట్లు, చుట్టూ ఉన్నవాళ్ల తీరు మారితే బతుకు సులువవుతుంది. అందుకే సాయం దగ్గర్లో ఉండాలి, రోజూ దొరకాలి.

లెక్కలో లేనివాళ్లు

మీ మండలంలో ఆటిజం ఉన్నవాళ్లు ఎంతమంది? ఎవరికీ తెలియదు. 2011 జనాభా లెక్కల్లో వైకల్యానికి ఎనిమిది గడులున్నాయి, ఆటిజానికి విడిగా గడి లేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం అందులోకి వచ్చింది. అప్పటికే మా తమ్ముడు బడి వయసు సగం దాటేశాడు.

2018లో అచ్చయిన ఇన్‌క్లెన్ అధ్యయనంలో దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్లలోపు పిల్లలను, దాదాపు 4,000 మందిని పరీక్షించారు. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. సుమారు వందమందిలో ఒకరికి ఆటిజం ఉండొచ్చని అందులో తేలింది. ఆ లెక్కన వెయ్యిమంది పిల్లలున్న మీ పాత హైస్కూల్లో పదిమంది ఉండాలి. మీకు ఎంతమంది గుర్తొస్తున్నారు? నాకు ఒక్కడు గుర్తొచ్చాడు. ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చుని బస్సుల రూట్ నంబర్లు చెప్పేవాడు. ‘రికార్డు’ అని పేరు పెట్టి ఏడిపించేవాళ్లం. తొమ్మిదో తరగతిలో మానేశాడు. మిగతా తొమ్మిదిమంది అసలు బడి గేటు దాటారో లేదో.

ఇక్కడే మీకో దారి

ఇది కెరియర్ పేజీ కాబట్టి సూటిగా చెబుతాను. ఈ దూరాన్ని తగ్గించేది యాప్ కాదు, మనిషి. ఆ మనిషికి ఇప్పుడు ఉద్యోగాలు వస్తున్నాయి.

2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది: ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని. 2025 మార్చిలో ఇదే కేసులో పోస్టులు నోటిఫై చేయండని రాష్ట్రాలకు గట్టిగా చెప్పింది. ఈ మధ్యలో తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 ఎస్జీటీలు, 1,124 స్కూల్ అసిస్టెంట్లు.

సంతోషించండి, కానీ భాగహారం కూడా చేయండి. తెలంగాణలో సుమారు 600 మండలాలు. 1,016 పోస్టులను పంచితే మండలానికి ఇద్దరు కూడా రారు. ఆంధ్రప్రదేశ్‌లో ముగ్గురికి కాస్త పైన. అదీ అన్ని రకాల వైకల్యాలకూ కలిపి. అంటే ఈ నోటిఫికేషన్లు మొదటి విడతే కావాలి. కాకపోతే ‘భర్తీ చేశాం’ అన్న మాట మిగులుతుంది, చిన్నమ్మలాంటివాళ్లు బస్సెక్కుతూనే ఉంటారు.

ఇంటర్ అయ్యాక స్పెషల్ ఎడ్యుకేషన్‌లో రెండేళ్ల డీఎడ్ ఉంది, డిగ్రీ అయ్యాక స్పెషల్ బీఎడ్ ఉంది. ఎన్‌ఐఈపీఐడీ కూడా ఇలాంటి కోర్సులు నడుపుతోంది. స్పీచ్ థెరపీకి బీఏఎస్ఎల్పీ, ఆక్యుపేషనల్ థెరపీకి బీఓటీ. ఇవి ఇంటర్ తర్వాత నాలుగేళ్లు, ఆపైన పట్టే డిగ్రీలు. స్పెషల్ ఎడ్యుకేషన్, స్పీచ్ కోర్సుల్లో చేరేముందు ఆ కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. కోర్సయ్యాక ఆర్‌సీఐలో పేరు నమోదు చేసుకుంటేనే ఆ పని చేసే అర్హత. బోర్డు మీద ‘థెరపిస్ట్’ అని రాసుకుని ఆరు వారాల సర్టిఫికెట్‌తో సెంటర్ నడిపేవాళ్లూ ఉన్నారు. మీరు అటు వెళ్లకండి, తెలిసినవాళ్లను వెళ్లనివ్వకండి.

కోడింగే చేస్తానంటారా? అదీ మంచిదే. డిటెక్షన్ వదిలేయండి. మాట రాని పిల్లలు బొమ్మ నొక్కితే ఫోన్ మాట్లాడే యాప్‌లు ఉన్నాయి. చెన్నైలో పుట్టిన అవాజ్, ఐఐటీ బాంబే తయారుచేసిన జెల్లో అలాంటివే. చిన్నమ్మ మొదట్లో వాడిన ఓ యాప్ గొంతు రేడియో వార్తల్లా ఉండేది. ‘నాకు ఆకలిగా ఉన్నది’ అనేది. మా ఇంట్లో ఎవరూ అలా అనరు. మావాడు ఆ బటన్ నొక్కేవాడు కాదు. చివరికి చిన్నమ్మ ఫొటోలు తీసి, అట్ట మీద అంటించి, ‘బువ్వ’, ‘ఒంటికి’, ‘బజార్‌కు పోదాం’ అని కార్డులు చేసుకుంది. అవి పనిచేశాయి. శ్రీకాకుళం ఇంట్లో ఒక తెలుగు, అనంతపురం ఇంట్లో ఇంకో తెలుగు, ఆదిలాబాద్‌లో మరొకటి. తల్లి గొంతునే రికార్డు చేసుకుని, నెట్ లేకుండా, మామూలు ఫోన్లో నడిచేది ఒకటి చేయండి. అక్యురసీ శాతం రాయడానికి ఏమీ ఉండదు, వైవాలో చెప్పడానికి మాత్రం చాలా ఉంటుంది.

పద్దెనిమిది దాటితే

ఆటిజం అనగానే చిన్నపిల్లల ఫొటోనే వేస్తాం. వాళ్లు పెద్దవుతారు. చట్టప్రకారం ఉచిత చదువు 18 ఏళ్ల వరకు. థెరపీ సెంటర్లు కూడా మీసాలొచ్చిన అబ్బాయిని చూస్తే ఇబ్బంది పడతాయి. ఆ పుట్టినరోజు తర్వాత మా తమ్ముడికి మిగిలింది ఇల్లే.

అదే నెలలో ఇంకోటి తెలిసింది. వాడు మేజర్ అయిన రోజు నుంచి బాబాయ్, చిన్నమ్మ చట్టం దృష్టిలో వాడి తరఫున సంతకం పెట్టలేరు. బ్యాంకులో వాడి పేరున ఖాతా తెరవబోతే ‘అబ్బాయి సంతకం కావాలి, లేదంటే గార్డియన్ కాగితం కావాలి’ అన్నారు. ఆ కాగితం కోసం కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదని చాలా ఇళ్లకు తెలియదు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 నుంచే ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం వచ్చిన చట్టమిది. దీని కింద కలెక్టర్ అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. 18 దాటిన వ్యక్తికి సంరక్షకుణ్ని నియమించే అధికారం ఆ కమిటీదే. అలాగని ఆటిజం ఉన్న అందరికీ సంరక్షకుడు అక్కర్లేదు. సొంతంగా నిర్ణయం తీసుకోగల వ్యక్తి సంతకాన్ని ‘మంచికే’ అని లాక్కోవడం కూడా అన్యాయమే.

అదే ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్యపరీక్షలు లేకుండా ఇస్తారు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సదరం స్లాట్, యూడీఐడీ కార్డు దరఖాస్తు కూడా. ఆన్‌లైన్‌లో ఉండటమే సమస్య అనేది మనలాంటివాళ్లకు అర్థం కాదు. ఓటీపీ వచ్చే ఫోన్ ఒకరి దగ్గర, ఆధార్‌లో పేరు ఒకలా, సర్టిఫికెట్‌లో ఇంకోలా. నాకు రెండు శనివారాలు పట్టింది. నేను రోజూ చేసే పనే అది. బాబాయ్‌కి అయితే మీసేవ చుట్టూ రెండు నెలలు తిరగడమే. మీ ఊళ్లో ఇలాంటి ఇల్లు ఉంటే ఈ సాయం చేయండి. దానికి ఆటిజం గురించి చదివి ఉండక్కర్లేదు, ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

నేను నింపిన ఫారం

ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి. మూడేళ్ల కిందట మా ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నన్ను కూర్చోబెట్టారు. ఒకబ్బాయి రాత పరీక్షలో టాప్. లోపలికొచ్చాక నా మొహం వైపు చూడలేదు. ‘మీ గురించి చెప్పండి’ అంటే కాసేపు ఆగి, పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా పిన్ కోడ్‌తో సహా చెప్పి ఆగిపోయాడు. ‘ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?’ అంటే ‘తెలియదు’ అన్నాడు. కోడ్ ఇస్తే మేం చూడని బగ్ చూపించాడు. నేను ఫారంలో ‘టెక్నికల్ బాగుంది, కమ్యూనికేషన్ వీక్, రిజెక్ట్’ అని రాశాను. ఆటిజం ఉన్న తమ్ముడు ఇంట్లో ఉన్నవాణ్ని!

ఆ అబ్బాయికి ఆటిజం ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే హక్కూ నాకు లేదు. ఉద్యోగం కోడ్ రాయడానికి. పరీక్ష మాత్రం నా కళ్లలోకి చూసి కబుర్లు చెప్పడానికి పెట్టాను. తప్పు అక్కడుంది.

ఇది కొత్త విషయమేమీ కాదు. శాప్ కంపెనీ 2013లోనే ఆటిజం ఉన్నవాళ్లను తీసుకునే కార్యక్రమాన్ని ప్రకటించింది. మొదట్లో ప్రయత్నించిన చోట్లలో మన పక్కనున్న బెంగళూరు ఒకటి. మైక్రోసాఫ్ట్ 2015లో మొదలుపెట్టింది. ఇలాంటి చోట్ల ఒకే గంట ఇంటర్వ్యూ బదులు కొన్ని రోజులు పనిచేయించి చూస్తారు. మన దగ్గరా చట్టం ఉంది. 2016 చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం రాతపూర్వకంగా ఉండాలి. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలైతే అందులో దివ్యాంగులకు ఇచ్చే సదుపాయాలు, వాళ్లకు సరిపోయే పోస్టులు కూడా రాయాలి. మీరు ఉద్యోగంలో ఉంటే మీ హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి ఆ పత్రం చూపించమనండి. నేను పెట్టాను. ‘పరిశీలించి చెబుతాం’ అని వచ్చింది. ఐదు నెలలకు పత్రం వచ్చింది. దానితోపాటు మా టీమ్ వరకు ఒప్పుకున్నవి రెండు: ఇంటర్వ్యూ ప్రశ్నల తీరు ఒకరోజు ముందే అభ్యర్థికి పంపడం, ఫారంలో ‘కమ్యూనికేషన్’ గడి తీసేసి ‘ఈ పనికి అవసరమైనది అర్థమయ్యేలా చెప్పగలరా’ అని పెట్టడం. ప్రశ్నలు ముందే పంపడం అందరికీ నచ్చింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మరీను.

ఒక జాగ్రత్త. ఆటిజం అనగానే ‘మేధావి, కంప్యూటర్‌లాంటి బుర్ర’ అని సినిమా చూసినట్టు మాట్లాడకండి. అలాంటివాళ్లు కొందరుంటారు. చాలామందికి రోజువారీ పనులకూ జీవితాంతం తోడు కావాలి. మా తమ్ముడు కోడ్ రాయడు. పది మాటలకు మించి మాట్లాడడు. వాడికి ఉద్యోగం ఇచ్చే ఐటీ కంపెనీ లేదు, రాదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలవాళ్లు పంచుకోవాలి. అదీ పరీక్ష రాయగలిగినవాళ్లకు. మావాడిలాంటివాళ్లకు కావాల్సింది ఊళ్లోనే, నడిచి వెళ్లే దూరంలో, రోజుకు నాలుగు గంటల పని. దాంతోపాటు వాళ్లను కనిపెట్టుకునే నలుగురు.

మావాడికి అది బాబాయ్ కొట్లోనే దొరికింది. రెండేళ్లుగా బిస్కెట్లు, సబ్బుల అర వాడిదే. రంగు ప్రకారం, సైజు ప్రకారం పేరుస్తాడు. మొదట్లో ఎవరైనా మధ్యలోంచి ప్యాకెట్ లాగితే చెవులు మూసుకుని అరిచేవాడు. కొందరు భయపడి రావడం మానేశారు. బాబాయ్ అట్ట ముక్క మీద ‘దయచేసి ప్యాకెట్ మీరు తీయకండి, వేలితో చూపించండి, బాబు ఇస్తాడు’ అని రాసి వేలాడదీశాడు. ఇప్పుడు కొత్తవాళ్లు చెయ్యి పెట్టబోతే పక్కనున్నవాళ్లే ఆపుతున్నారు. ఎదురుగా టైలర్ షాపు ఆయన మధ్యాహ్నం పూట వచ్చి కాసేపు వాడి పక్కన కూర్చుంటాడు.

‘నా తర్వాత వీణ్ని ఎవరు చూస్తర్రా?’ అని చిన్నమ్మ నన్ను చాలాసార్లు అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. గార్డియన్ దరఖాస్తు కలెక్టరేట్‌లో ఉంది, ఇంకా పిలుపు రాలేదు. పోయిన నెల మాత్రం చిన్నమ్మ వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికి ఖమ్మం వెళ్లింది. వాణ్ని కొట్లో బాబాయ్‌కి, టైలర్‌కి వదిలి, పదిహేనేళ్లలో మొదటిసారి ఒక్కతే. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు వీడియో కాల్ చేసి, ‘కూర్చొని తింటున్న’ అని ప్లేటు చూపించింది.